తెర మీద గూఢచారికి పది భాషలు.. అసలు పరీక్షలో అడిగేది తెలుగే!

హనుమాన్ జంక్షన్‌లో చీకటి పడే వేళ ఆంజనేయస్వామి గుడి దగ్గర ఓ పావుగంట నిలబడండి. కళ్ళకి పని చెప్పొద్దు, చెవులకి చెప్పండి. చెన్నై - కోల్‌కతా హైవే మీద వచ్చిన లారీలు దిగినవాళ్ళు టీకొట్టు దగ్గర ఒకరు తమిళంలో, ఒకరు హిందీలో, ఇంకొకరు ఒడియాలో మాట్లాడుకుంటుంటారు. ఏలూరు బస్సు కండక్టరు కేక ఒకవైపు, నూజివీడు ఆటోల పిలుపు మరోవైపు. గుడివాడ బస్సు ఎక్కడ ఆగుతుందని ఓ పెద్దావిడ వాకబు. వీటి మధ్య నలుగురు డిగ్రీ కుర్రాళ్ళు ఒకే ఫోన్ మీద వంగి స్పై సినిమా చూస్తుంటారు. తెర మీద హీరో విమానం దిగిన ప్రతి దేశంలో ఆ దేశం భాష గడగడా మాట్లాడేస్తాడు. ‘ఐబీ నోటిఫికేషన్ పడితే అప్లై చేద్దామనుందిరా. కానీ మనకి ఇన్ని భాషలు ఎక్కడొస్తాయి?’ అని వాళ్ళలో ఒకడు నిట్టూరుస్తాడు.

ఆ నిట్టూర్పులో రెండు పొరపాట్లున్నాయి. సినిమా గూఢచారికి అన్ని భాషలు నిజంగా వచ్చనుకోవడం ఒకటి. తనకి వచ్చిన భాష దేనికీ పనికిరాదనుకోవడం రెండోది. మొదటిది నవ్వుకుని వదిలేయొచ్చు. రెండోదానికి మాత్రం ఉద్యోగం చేజారిపోతుంది.

బాండ్‌కి జపనీస్ వచ్చా?

జేమ్స్‌బాండ్ సినిమాల్లో 1967లో వచ్చిన ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ కథ జపాన్‌లో జరుగుతుంది. బయల్దేరే ముందు మనీపెన్నీ జపనీస్ నేర్పే చిన్న పుస్తకం ఒకటి ఇవ్వబోతే, కేంబ్రిడ్జ్‌లో తూర్పుదేశాల భాషల్లో ఫస్ట్‌క్లాస్ తెచ్చుకున్నానని చెప్పి బాండ్ దాన్ని వెనక్కి విసిరేస్తాడు. తీరా జపాన్ వెళ్ళాక అతని పని చాలావరకు ఇంగ్లిష్‌లోనే నడిచిపోతుంది. ఎదురైనవాళ్ళంతా పాపం అతని కోసం ఇంగ్లిష్ నేర్చుకున్నట్టే ఉంటారు.

ఇదే పేరుతో 1964లో ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన నవల తీస్తే కథ వేరు. అందులో బాండ్‌ని జపనీయుడి వేషంలో శత్రువు కోట దగ్గరకి పంపాలి. వేషం కుదురుతుంది, భాష కుదరదు. దాంతో అతన్ని చెవిటి మూగ గని కార్మికుడిగా నటించమంటారు! నోరు తెరిస్తే దొరికిపోతాడని రచయితకు తెలుసు మరి. ఫ్లెమింగ్ స్వయంగా రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచారి విభాగంలో పనిచేసినవాడు. 1957లో వచ్చిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నవలలో శత్రువుల దగ్గరున్న బాండ్ ఫైల్‌లో భాషల గడి కూడా ఉంటుంది. అందులో ఉన్నవి రెండే: ఫ్రెంచ్, జర్మన్. పది భాషల బాండ్‌ని తయారుచేసింది నవల కాదు, సినిమా.

ఆ సినిమాలు కూడా అప్పుడప్పుడు నిజం ఒప్పుకుంటాయి. 1997 నాటి ‘టుమారో నెవర్ డైస్’లో చైనా ఏజెంట్ రహస్య స్థావరంలో బాండ్ కంప్యూటర్ ముందు దర్జాగా కూర్చుంటాడు. కీబోర్డు చూస్తే మొత్తం చైనీస్. మెల్లగా లేచి కుర్చీ ఆమెకి అప్పగిస్తాడు. హాల్లో నవ్వులు. ఇంటర్వ్యూ గదిలో అదే జరిగితే ఎవరూ నవ్వరు.

మూడు వేళ్ళు చాలు

భాషంటే మాటలొక్కటే కాదని చెప్పే సన్నివేశం చూడాలంటే క్వెంటిన్ టారంటీనో 2009లో తీసిన ‘ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్’లో ఉంది. జర్మన్ అధికారి వేషంలో ఉన్న బ్రిటిష్ గూఢచారి ఫ్రాన్స్‌లో ఓ నేలమాళిగ సారాకొట్టులో కూర్చుంటాడు. జర్మన్ బాగా వచ్చు. యాస తేడాగా ఉందని ఎదుటి గెస్టపో అధికారికి అనుమానం వస్తే, తనది ఫలానా కొండ ప్రాంతమని చెప్పి తప్పించుకుంటాడు. అంతా సర్దుకుందనుకునే సమయానికి మూడు గ్లాసులు తెమ్మని మూడు వేళ్ళు చూపిస్తాడు. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు. జర్మన్లు మూడు చూపించేటప్పుడు బొటనవేలితో మొదలుపెడతారు. అక్కడితో అయిపోయింది. వ్యాకరణం తప్పు లేదు, మాట తప్పు లేదు, వేలు తప్పింది.

మనకీ ఇలాంటివి ఉన్నాయి. మన పెద్దవాళ్ళు లెక్కపెట్టేటప్పుడు వేళ్ళు మడవరు, బొటనవేలితో వేళ్ళ గణుపులు తడుముతారు. సరేనని చెప్పడానికి తల పక్కకి ఊపుతాం. విజయవాడ కుర్రాడు విదేశంలో ఎంత పకడ్బందీగా వేషం కట్టినా ఈ రెండింట్లో ఒకదానితో పట్టుబడతాడు. అంతదూరం ఎందుకు, వరంగల్‌లో స్థానికుడిలా నటించమంటే మన డెల్టావాళ్ళలో ఎంతమంది ‘అండీ’ అనకుండా పది నిమిషాలు మాట్లాడగలరు?

కౌటిల్యుడికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అర్థశాస్త్రంలో గూఢపురుషుల గురించి చెప్పినచోట, వాళ్ళ దేశం, వేషం, చేసే పని, మాట్లాడే భాష, పుట్టుక అన్నీ ఎదుటివాళ్ళు నమ్మేలా ఉండాలంటాడు. భాషని విడిగా కాకుండా వేషంతో, వృత్తితో కలిపి చెప్పాడు. కోచింగ్ సెంటర్ బోర్డుల మీద ‘30 రోజుల్లో అనర్గళంగా’ అని కనిపించినప్పుడల్లా ఈ వరస గుర్తుకొస్తుంది. ముప్పై రోజుల్లో మాటలు కొన్ని వస్తాయి, వేళ్ళు రావు.

నొప్పికి భాష మారదు

తెనాలి రామకృష్ణుడి కథ ఒకటి చిన్నప్పుడు వినే ఉంటారు. రాయలవారి సభకి బహుభాషా పండితుడొకడు వచ్చి, తన మాతృభాష ఏదో కనిపెట్టమని సవాలు విసురుతాడు. ఏ భాషలో అడిగితే ఆ భాషలో పుట్టినవాడిలా జవాబిస్తాడు. రామకృష్ణుడు రాత్రిదాకా ఆగి, నిద్రపోతున్నవాణ్ణి ఉలిక్కిపడేలా చేస్తాడు. నోట్లోంచి మొదట వచ్చిన కేక ఏ భాషలో ఉందో అదే అతని భాష. ఈ కథనే బీర్బల్ పేరుతో చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఎవరి పేరు మీద చెప్పినా అందులో కిటుకు గూఢచారి శాస్త్రానిదే.

సోవియట్ టీవీలో 1973లో వచ్చిన ‘వసంతంలో పదిహేడు క్షణాలు’ అనే 12 భాగాల సీరియల్ కథ సరిగ్గా ఈ కిటుకు మీదే మలుపు తిరుగుతుంది. బెర్లిన్‌లో జర్మన్ ఇల్లాలిగా బతుకుతున్న రష్యన్ రేడియో ఆపరేటర్ కాత్ నిండు గర్భిణి. పురిటినొప్పుల్లో ఏ ఆడదైనా సొంత భాషలోనే అరుస్తుందన్న భయం ఆ దంపతులకి ముందు నుంచీ ఉంటుంది. చివరికి అదే జరుగుతుంది. బాంబుదాడిలో భర్త పోతాడు, ఆసుపత్రిలో ఆమె రష్యన్‌లో కేకపెడుతుంది, గెస్టపోకి కబురు వెళ్తుంది. మన తెనాలి కథ తెలిసినవాళ్ళకి ఆ సన్నివేశం వచ్చేలోపే గుండె దడదడలాడుతుంది.

మన తెర మీద

తెనాలి అన్నాం కాబట్టి, ఆ పక్కనే బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ 1966లో ‘గూఢచారి 116’గా వచ్చి తెలుగులో ఈ తరహా సినిమాకి దారి వేశారు. ఇక్కడ నుంచి అడివి శేష్ ‘గూఢచారి’ (2018) దాకా మన స్పైలకి ఒక వెసులుబాటు ఉంది. ఏ దేశం విలన్ అయినా చివరికి తెలుగులోనే తిడతాడు. విదేశీ సినిమాల్ని తెలుగు డబ్బింగ్‌లో చూసినప్పుడు ఇది ఇంకా ఎక్కువ. రష్యనూ తెలుగే, ఇంగ్లిషూ తెలుగే. ‘వాడి భాష మనకి అర్థం కావట్లేదు’ అని కూడా తెలుగులోనే చెప్పుకుంటారు. డబ్బింగ్ తప్పని కాదు. భాషలతో నడిచే ఉత్కంఠ మాత్రం అక్కడ కరిగిపోతుంది. పైన చెప్పిన సారాకొట్టు సన్నివేశాన్ని అసలు ఆడియోతో, కింద సబ్‌టైటిల్స్‌తో చూస్తేనే దానిలో పట్టు తెలుస్తుంది.

దీన్ని సరిగ్గా పట్టుకున్నది మనవాళ్ళే. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివిన రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే తీసిన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ (2021) కథ చెన్నైకి వెళ్తుంది. హీరో శ్రీకాంత్ తివారీకి తమిళం రాదు. దర్శకులు ఆ విషయాన్ని దాచలేదు. తమిళ పాత్రలు తమిళంలోనే మాట్లాడతాయి, చూసేవాళ్ళు సబ్‌టైటిల్స్ చదువుకోవాల్సిందే. అంత పెద్ద ఆఫీసరూ జట్టులోని ముత్తు మీద, స్థానిక పోలీసు అధికారిణి ఉమయాళ్ మీద ఆధారపడతాడు. సమంత చేసిన రాజిది శ్రీలంక తమిళం, చెన్నై తమిళం కాదు. అందరూ చెల్లం సార్ మీమ్స్ పంచుకున్నారు కానీ, నా ఓటు ముత్తుకి. హీరోకి లేనిది, ఆపరేషన్‌కి కావలసినది అతని దగ్గరుంది. అది అతను ఏ కోచింగ్‌లోనూ కొనలేదు.

2017లో తెలుగు, తమిళాల్లో వచ్చిన ‘స్పైడర్’లో మహేశ్‌బాబు పాత్ర చేసేది ఫోన్ సంభాషణలు వినే పని. సినిమా ఫలితం సంగతి ఎలా ఉన్నా ఉద్యోగం విషయంలో అది నిజానికి దగ్గరగా ఉంది. ఈ రంగంలో మాట్లాడేవాళ్ళ కంటే వినేవాళ్ళు, చదివేవాళ్ళు, విన్నది తప్పులేకుండా రాసేవాళ్ళు ఎక్కువ కావాలి.

ఏలూరు కుర్రాడొకడు

జంక్షన్ నుంచి గుడివాడ రోడ్డు పట్టుకుంటే మచిలీపట్నం. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీవాళ్ళు ఆ రేవులో దిగి వ్యాపారం మొదలుపెట్టాక, అంతకు ముందే ఉన్న డచ్చివాళ్ళకిలాగే వాళ్ళకీ మొదట అవసరమైంది దుబాసీ. రెండు భాషలు తెలిసినవాడు. దొరకి బేరం తెలియాలన్నా, బట్టల వర్తకుడికి దొర మనసు తెలియాలన్నా మధ్యలో అతనే.

అదే జంక్షన్ నుంచి అటువైపు అరగంట వెళ్తే ఏలూరు. 1796 ప్రాంతంలో ఆ ఊరి కుటుంబానికి చెందిన కావలి వెంకట బొర్రయ్య అనే ఇరవై ఏళ్ళ యువకుడు కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి దగ్గర చేరాడు. 1799లో టిప్పు సుల్తాన్ పడిపోయాక మైసూరు ప్రాంతం సర్వే పని మెకంజీకి అప్పగించారు. కొత్తగా చేతికొచ్చిన నేల గురించి కంపెనీకి ఏమీ తెలియదు. ఎవరి పొలం ఎవరిది, ఏ శాసనంలో ఏముంది, ఏ ఇంట్లో ఏ తాళపత్రాలున్నాయి, అన్నీ కావాలి. మెకంజీకి మన భాషలు రావు. ఊళ్ళలోకి వెళ్ళి, కరణాలతో, పూజారులతో మాట్లాడి, నమ్మకం సంపాదించి, వివరాలు రాబట్టి, అవి దొరకి అర్థమయ్యేలా చెప్పింది బొర్రయ్య. అతను గూఢచారి కాదు. కానీ సినిమా గూఢచారులు చేసినట్టు నటించే పనిని నిజంగా చేశాడు. 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత తీసుకున్నాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకి ద్వారం తెరిచింది బొర్రయ్య పరిచయమేనని మెకంజీ రాసుకున్నాడు. తర్వాత 1815లో ఆ మెకంజీయే భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఈ రోజు మన ఊళ్ళ చరిత్రకి ఆధారంగా చూపించే కైఫియత్తులు ఆ శ్రమ ఫలితమే.

ఇక అసలు పరీక్ష

ఇంటెలిజెన్స్ బ్యూరో 2025లో 4,987 సెక్యూరిటీ అసిస్టెంట్ (ఎగ్జిక్యూటివ్) పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. అర్హత పదో తరగతి. వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ వర్గాలకి సడలింపు వేరే. మొదటి దశ ఆబ్జెక్టివ్. అది అందరూ చదివేదే: జీకే, క్వాంట్, రీజనింగ్, ఇంగ్లిష్. అభ్యర్థులు నోటిఫికేషన్‌లో చూడకుండా దాటేసేది రెండో దశ. దరఖాస్తు చేసిన రాష్ట్రపు స్థానిక భాష నుంచి ఇంగ్లిష్‌కీ, ఇంగ్లిష్ నుంచి స్థానిక భాషకీ అనువాదం. 500 పదాల పేరా, 50 మార్కులు, గంట సమయం. అంటే మన దగ్గర తెలుగు. దేశంలోని ప్రధాన గూఢచారి సంస్థ హనుమాన్ జంక్షన్ కుర్రాణ్ణి రష్యన్ అడగడం లేదు, తెలుగు అడుగుతోంది.

‘తెలుగే కదా’ అనిపిస్తుంది. అయితే ఈ వాక్యం చూడండి: ‘ఆ ఊళ్ళో రెండు వర్గాలకీ మాటల్లేవు. ఒకళ్ళమీద ఒకళ్ళు కాలు దువ్వుతున్నారు. మొన్న సంతలో ఒకడు చెయ్యి చేసుకున్నాడు. ఎవరో చెయ్యి తడిపారట, చూసీచూడనట్టు వదిలేశారు.’

పెన్ను తీసి ఇంగ్లిష్‌లోకి మార్చండి. ‘మాటల్లేవు’ అంటే మాటలు లేకపోవడం కాదు, పలకరింపులు ఆగిపోవడం. కాలు దువ్వడం ఎడ్లు చేసే పనే, ఇక్కడ మాత్రం గొడవకి సిద్ధమవడం. చెయ్యి చేసుకోవడం కొట్టడం. చెయ్యి తడపడం లంచం. నాలుగు చిన్న వాక్యాల్లో నాలుగు గోతులున్నాయి. మాటకి మాట పెట్టేస్తే చదివిన అధికారికి ఆ ఊళ్ళో ఏం జరుగుతోందో అర్థం కాదు.

అన్నిటికంటే లోతైన గొయ్యి ‘తడిపారట’లో ఉన్న ఆ ‘ట’. ‘తడిపారు’ అంటే చూసిన సంగతి. ‘తడిపారట’ అంటే విన్న సంగతి. ఒక్క అక్షరంతో తెలుగు ఈ తేడా చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి వేరే మాట పెట్టి రాయాలి. ఆ ‘ట’ని అనువాదంలో మింగేస్తే పుకారు కాస్తా సమాచారమైపోతుంది. సమాచారాన్ని నమ్మి పనిచేసే శాఖలో ఇంతకంటే పెద్ద తప్పు ఏముంటుంది? ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. ఒకరు ‘అన్నారు’, ‘ఆరోపించారు’, ‘ధ్రువీకరించారు’ అన్న మూడూ ఒకటి కాదు.

నా సంగతీ చెప్పాలి. రెజ్యూమేలో ‘తెలిసిన భాషలు: తెలుగు, ఇంగ్లిష్, హిందీ’ అని నేనూ రాసినవాణ్ణే. ఓ ఇంటర్వ్యూలో హిందీ పేపర్ ముందు పెట్టి రెండు పేరాలు తెలుగులో చెప్పమన్నారు. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. హిందీ సినిమాలు చూసి నవ్వగలగడం, హిందీ రావడం వేరువేరని ఆ గదిలో తెలిసింది.

డిగ్రీ ఉన్నవాళ్ళకి ఐబీలోనే ఏసీఐఓ పోస్టులున్నాయి. 2025 నోటిఫికేషన్‌లో అవి 3,717. అక్కడ రెండో దశలో ఇంగ్లిష్‌లో రాత పరీక్ష ఉంటుంది, ఆ పైన ఇంటర్వ్యూ. ఏ నోటిఫికేషన్‌కైనా నిబంధనలు ఆ ఏడాదివి ఆ ఏడాది కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. ‘రా’లో ఏజెంట్‌గా తీసుకుంటాం, ఫీజు పంపండి అని వాట్సాప్‌లో ఎవరైనా అంటే అది మోసమే, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

మరి విదేశీ భాష?

నేర్చుకోవచ్చు, కానీ గూఢచారి అయిపోవడానికి కాదు. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి సంస్థలు వచ్చాక కొరియన్, జపనీస్ తెలిసినవాళ్ళకి మన రాష్ట్రంలోనే పని ఉంది. విదేశీ ఇంజినీరు చెప్పింది షాప్‌ఫ్లోర్‌లో మనవాళ్ళకి చెప్పాలి, ఇక్కడి ఇబ్బంది అతనికి చేరవేయాలి. మచిలీపట్నం దుబాసీ పనే, హెల్మెట్ పెట్టుకుని.

జపనీస్‌కి జేఎల్‌పీటీ అనే పరీక్ష జులై, డిసెంబరుల్లో జరుగుతుంది. ఎన్5 నుంచి ఎన్1 దాకా అయిదు మెట్లు, ఎన్1 అన్నిటికంటే కష్టం. ఎన్5 సర్టిఫికెట్ చూసి ఎవరూ దుబాసీ ఉద్యోగం ఇవ్వరు. మధ్య మెట్టు దాటాలి, దానికి ఏళ్ళు పడుతుంది. ఇంకో సంగతి, ఈ పరీక్షలో చదవడం, వినడం ఉంటాయి కానీ మాట్లాడే పరీక్ష లేదు. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఇంటర్వ్యూలో నోరు పెగలనివాళ్ళు కనిపించేది అందుకే. కొరియన్‌కి టోపిక్ ఉంది, ఆరు స్థాయిలు.

పద్ధతిగా చదవాలంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఫ్రెంచ్, జర్మన్, రష్యన్, స్పానిష్, అరబిక్, జపనీస్, కొరియన్, చైనీస్ వంటివి అక్కడ ఉన్నాయి. ఢిల్లీలో రక్షణశాఖ నడిపే స్కూల్ ఆఫ్ ఫారిన్ లాంగ్వేజెస్ ప్రధానంగా సైన్యం, ప్రభుత్వ ఉద్యోగుల కోసం. అక్కడ దుబాసీ కోర్సు కూడా ఉంది. సివిల్స్ రాసి ఐఎఫ్ఎస్‌కి ఎంపికైతే విదేశీ భాష ప్రభుత్వమే కేటాయించి నేర్పిస్తుంది, ముందు నుంచే వచ్చి ఉండాలన్న షరతు లేదు.

ఈ రాత్రి నుంచే చేయగలిగింది మాత్రం చాలా చవక. ఈ పేపర్లోనే సంపాదకీయంలో ఒక పేరా, ఇంగ్లిష్ పేపర్లో ఒక పేరా తీసుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టి గంట టైమర్ పెట్టుకుని అటుదిటు, ఇటుదటు రాయండి. మొదటిరోజు నూట యాభై పదాల దగ్గరే గంట అయిపోతుంది. కాలేజీలో తెలుగు లెక్చరర్‌కి ఒకటి, ఇంగ్లిష్ లెక్చరర్‌కి ఒకటి చూపించి ఎర్ర గీతలు పెట్టించుకోండి. ఆ కాగితాలు పారేయొద్దు. నెల తర్వాత అదే పేరా మళ్ళీ రాసి, రెండూ పక్కపక్కన పెట్టి ఆ ‘ట’ ఎక్కడ పోయిందో వెతకండి.